మూత తెరవరాని యంత్రములు

2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసములో దేశదేశముల వార్తాపత్రికలలో మన తెలుగు లిపిని గూర్చి ఒక వింత వార్త వెలువడినది. ఆపిల్ కంపెనీవారి ఐఫోనులలో ఒకానొక తెలుగు అక్షరము కనబడిన మాత్రముననే అవి స్తంభించిపోవుచున్నవట! సందేశములో ఆ అక్షరము వచ్చినచో సందేశములు చూపెడి సాధనము మూతపడును. తెర పైభాగమున సూచనగా వచ్చినచో ఫోను సాంతము ఆగి, మరల మొదలై, మరల ఆగుచుండును. కొందరు అల్లరివారు సామాజిక మాధ్యమములలో తమ పేరు ప్రక్కన ఆ అక్షరమును తగిలించుకొని, చూచినవారి ఫోనులు పడిపోవుచుండగా వేడుక చూచిరి. ఆ అక్షరము మరేదియు కాదు, ‘జ్ఞా’. జ్ఞానమునకు మొదటి అక్షరము. నవ్వువారు నవ్విరి, నొచ్చుకొనువారు నొచ్చుకొనిరి. కొన్ని దినములకు అందరును మరచిరి. కాని ఆ ఉదంతములో మన ఇండ్లలోని యంత్రములన్నింటికిని సంబంధించిన సంగతి యొకటి దాగియున్నది.

దోషము అక్షరమునందు లేదు. ఇది ముందుగా చెప్పుకొనవలసిన మాట. కంప్యూటరునకు అక్షరముల ఆకారములు తెలియవు, అంకెలు మాత్రమే తెలియును. ప్రపంచభాషల అక్షరములకు ఒక్కొక్క సంఖ్యను నిర్ణయించు యూనికోడ్ అను ప్రమాణము 1991లో మొదటిసారి వెలువడినప్పుడే తెలుగునకు అందు చోటు లభించినది. మన లిపికి కేటాయించిన స్థానములు 128. ‘జ్ఞా’ అని మనము వ్రాసినప్పుడు యంత్రము దాచుకొనునది బొమ్మ కాదు, వరుసగా నాలుగు సంఖ్యలు: జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము. ఆ నాలుగింటిని చూచి, జకారమును పైన నిలిపి, ఞకారమును వత్తుగా క్రిందికి దింపి, దీర్ఘమును మరల పైనున్న జకారమునకే తగిలించు పని వేరొక సాఫ్ట్‌వేరుది. పూర్వము అచ్చుకూటములో కంపోజిటరు గడుల పెట్టె ముందు నిలువబడి చేసిన పని యిదియే. ఫోనులను పడగొట్టిన కూర్పులో వత్తునకును దీర్ఘమునకును నడుమ కంటికి కనబడని విభజన చిహ్నమొకటి చేరియున్నది. అట్టి కూర్పు ఎదురైనప్పుడు ఆ కంపెనీవారి సాఫ్ట్‌వేరు తడబడినది. పిదప నిపుణులు పరిశీలింపగా బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులకును అదే గతి పట్టుచున్నదని తేలినది. అయినను అపకీర్తి మాత్రము తెలుగునకే దక్కినది!

ఫిబ్రవరి 19వ తేదీన కంపెనీవారు దిద్దుబాటును విడుదల చేసిరి. త్వరగానే చేసిరి, కాదనము. కాని అంతవరకు మనమేమి చేయగలిగితిమి? 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైబడియున్నారు. హైదరాబాదులోను, కాలిఫోర్నియాలోను సాఫ్ట్‌వేరు పనిలో ఆరితేరిన తెలుగువారు వేలకు వేలున్నారు. తమ లిపిలోని ‘జ్ఞా’ ఎట్లు కూర్చబడవలెనో వారికి తెలిసినంతగా మరెవరికి తెలియును? అయినను వారిలో ఒక్కరును ఆ తప్పును తాకలేకపోయిరి. తెలివి లేక కాదు. ఆ యంత్రపు మూత తెరచు అధికారము లేక.

వాల్వుల రేడియోలు వాడిన ఇండ్లవారికి ఈ తేడా సులభముగా బోధపడును. ఆ దినములలో రేడియో వినవలెనన్న ఏటేటా తపాలా కార్యాలయమునకు పోయి లైసెన్సు రుసుము కట్టవలసి యుండెడిది. ప్రసారమును వినుటకు ప్రభుత్వము వారి అనుమతి అది. కాని పెట్టె మాత్రము కొన్నవారిదే. గరగరలాడినచో వీధి మొగనున్న మెకానిక్కు వచ్చి, వెనుక అట్ట విప్పి, వాల్వు మార్చి, ఆ అట్టనే మరల బిగించి పోవుచుండెను. ఆ పెట్టెను చేసిన కంపెనీని ఎవ్వరును అడుగవలసిన పని లేకుండెను. నేడు వినుటకు రుసుము లేదు. పెట్టెయే మనది కాకుండ పోయినది. వేల రూపాయలు పోసి కొన్న ఫోనులోని సాఫ్ట్‌వేరును కంపెనీ మనకు అమ్మదు. వాడుకొనుటకు లైసెన్సు నిచ్చును. ఆ లైసెన్సులోని షరతులను కడదాక చదివినవారిని మేము ఇంతవరకు చూడలేదు.

ఈ స్థితిని మొట్టమొదట ఎదిరించినవారిలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేసిన రిచర్డ్ స్టాల్‌మన్ ముఖ్యుడు. కథ ఒక ముద్రణయంత్రముతో మొదలైనది. వారి ప్రయోగశాలలోని పాత యంత్రములో కాగితము ఇరుకుకొన్నప్పుడు, ఆ సంగతిని కంప్యూటరు ముందున్నవారికి తెలియజేయునట్లు వారు దాని సాఫ్ట్‌వేరును మార్చుకొనియుండిరి. 1980 ప్రాంతమున జెరాక్స్ కంపెనీవారి క్రొత్త యంత్రము వచ్చినది. దాని సాఫ్ట్‌వేరు సోర్సు కోడు, అనగా మనుష్యులు చదివి మార్చదగిన మూలపాఠము, వారికి లభింపలేదు. వేరొక విశ్వవిద్యాలయములో ఆ పాఠము గల పరిశోధకుని అడుగగా, ఎవరికిని ఈయనని మాట యిచ్చితినని అతడు నిరాకరించెను. కాగితము ఇరుకుకొనుట చిన్న సంగతియే. కాని స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్ను అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నిర్మాణమును ప్రకటించుటకు దారితీసిన కారణములలో అది యొకటి. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినుస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించెను. ఈ రెండును కలిసినపిమ్మట ఎవరైనను తీసికొని, చదివి, మార్చి, పంచుకొనదగిన సంపూర్ణమైన కంప్యూటరు వ్యవస్థ లోకమునకు లభించినది.

ఆంగ్లములో ఉచితమునకును స్వేచ్ఛకును ఒకే మాట యుండుటచే వారు యేండ్ల తరబడి వివరించుకొనవలసి వచ్చినది. మనకు ఆ చిక్కు లేదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో ఈ ఉద్యమమును నడపుచున్నవారు తమ సంస్థకు ‘స్వేచ్ఛ’ యనియే పేరు పెట్టుకొనిరి. మనకు ఉచితముగా లభించు ఫోను సాధనములలో అనేకము స్వేచ్ఛ లేనివి. అంతకంటె విచిత్రమేమనగా, ఆండ్రాయిడ్ ఫోనులన్నిటి గర్భమున నున్నది ఆ లినక్సే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును లోపల పెట్టి, పైన తాళము వేసి అమ్ముచున్న తయారీదారులు పలువురున్నారు.

తెలుగునకు ఈ స్వేచ్ఛ వలన కలిగిన మేలు సామాన్యమైనది కాదు. యూనికోడ్ వాడుకలోనికి రాకముందు ఒక్కొక్క ఫాంటు తయారీదారునిది ఒక్కొక్క పద్ధతి. ఒకరి ఫాంటులో కూర్చిన వ్యాసము మరొకరి కంప్యూటరులో అర్థములేని గుర్తుల కుప్పగా కనబడెడిది. పత్రికల అంతర్జాల ప్రతులలో సైతము వెదకినచో ఒక్క మాట దొరకెడిది కాదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ప్రారంభించిన వెన్న నాగార్జున, అట్టి పాత కూర్పులను యూనికోడ్‌లోనికి మార్చెడి ‘పద్మ’ అను సాధనమును నిర్మించి, సోర్సు కోడుతో సహా లోకమునకు ఇచ్చెను. అటు తరువాత వచ్చిన స్వేచ్ఛా ఫాంటుల పేర్లు విన్నచో భువనవిజయము జ్ఞప్తికి వచ్చును: పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామరాజ. వీనితోబాటు గిడుగు, గురజాడ, సురవరము వారి పేర్లతోను ఫాంటులున్నవి. ఎవరైనను వీనిని తీసికొని వాడవచ్చును, మార్చవచ్చును. ఇక ‘జ్ఞా’ను కూర్చెడి పని చేయుటకు హర్ఫ్‌బజ్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కలదు. దాని ప్రధాన నిర్మాత ఇరానులో పుట్టిన బెహదాద్ ఎస్ఫాబోద్. పారశీకములో ఆ పేరునకు తెరచిన అక్షరమని అర్థము. ఆండ్రాయిడ్‌లోను, ఫైర్‌ఫాక్స్‌లోను తెలుగును కూర్చుచున్నది అదియే. అందు తప్పు దొర్లదని కాదు. దొర్లినచో ఎక్కడ దొర్లినదో విజయవాడలోని విద్యార్థి సైతము చూడవచ్చును, దిద్దుబాటును వ్రాసి పంపవచ్చును.

అట్లని ఈ మార్గము నిష్కంటకమని మేము చెప్పబోవుట లేదు. 2024 మార్చిలో జరిగినదానిని చూడుడు. ఫైళ్ళను కుదించుటకు లినక్సులో సర్వత్ర వాడబడు ఎక్స్‌జెడ్ అను చిన్న సాఫ్ట్‌వేరును ముఖ్యముగా ఒక్క వ్యక్తి జీతము లేకుండ చూచుకొనుచుండెను. అతడు అలసియున్న సమయమున సాయము చేయుదునని ఒక అజ్ఞాతవ్యక్తి చేరి, రెండేండ్లకు పైగా నమ్మకము సంపాదించి, చివరకు అందులో దొంగవాకిలి నొకదానిని అమర్చెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, తన కంప్యూటరులో దూరమునుండి ప్రవేశించు పని అరసెకను ఆలస్యమగుచున్నదని గమనించి, కారణమును తవ్వి బయటపెట్టుటచే లోకమునకు గండము గడచినది. మూత తెరచియున్నందుననే దొంగ పట్టుబడెననుట నిజము. ఆ సాఫ్ట్‌వేరుతో లాభము గడించిన మహాసంస్థలు ఆ ఒంటరి మనిషికి తోడుగా మరొకరిని నియమింపలేదనుటయు అంతే నిజము. ఊరంతయు నీళ్ళు తోడుకొను బావికి పూడిక తీయువాడు ఒక్కడే యన్నట్లున్నది ఈ వ్యవహారము.

పిల్లల ఆటల సంగతి పెద్దలకు పట్టదు. కాని కొన్నది ఎవరి సొత్తు అను ప్రశ్న నేడు ఆటల రంగముననే తీవ్రముగా లేచినది. యూబీసాఫ్ట్ కంపెనీవారు 2014లో ‘ది క్రూ’ అను కార్లపందెపు ఆటను అమ్మిరి. ఒంటరిగా ఆడుకొన్నను అది కంపెనీ సర్వరుతో సంబంధము లేనిదే నడువదు. 2024 మార్చి 31న ఆ సర్వరులను ఆపివేసిరి. సొమ్ము పోసి కొన్నవారి చేతిలోని డిస్కు అంతటితో పనికిరానిదైనది. దానిపై ఆగ్రహించినవారు ఐరోపాలో సేకరించిన సంతకములు 2025 జూలై నాటికి 10 లక్షలు దాటినవి. దీనికి విరుద్ధముగా, 1993లో వచ్చిన ‘డూమ్’ అను ఆట యొక్క సోర్సు కోడును దాని నిర్మాతలు 1997 చివరలో బయలుపరచిరి. ముప్పదియేండ్లు దాటినను అది సజీవముగా నున్నది. దానికొరకు క్రొత్త రంగములను కల్పించువారున్నారు. ఆటల మాట యటుంచుడు. 2009 జూలైలో అమెజాన్ వారు, హక్కులు లేని ప్రకాశకుడు అమ్మెనను కారణమున, జార్జి ఆర్వెల్ నవలల ప్రతులను పాఠకుల కిండిల్ యంత్రములలోనుండి వారికి తెలియకుండ తొలగించిరి. సొమ్ము తిరిగి యిచ్చిరి. అయినను పుస్తకముల బీరువాలో పరాయిచేయి దూరుట గృహస్థు సహింపదగినదేనా? కాలిఫోర్నియా రాష్ట్రములో 2025 జనవరి నుండి అమలునకు వచ్చిన చట్టము ప్రకారము, ఇట్టి సరకును విక్రయించువారు తాము ఇచ్చునది లైసెన్సు మాత్రమేయని కొనువానికి స్పష్టముగా చెప్పవలెను. ఆపాటి చట్టము మన దేశమునకును అవసరమని మా అభిప్రాయము.

మన ఇండ్లలోని పాత కంప్యూటరుల విషయము మరొకటి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ పోషణ ముగిసినది. తరువాతి వ్యవస్థయగు విండోస్ 11, నిర్ణీతమైన భద్రతా చిప్పును క్రొత్త ప్రాసెసరును లేని యంత్రములను అంగీకరింపదు. తెర, మీటలు, డిస్కు అన్నియు చక్కగా పనిచేయుచున్న కంప్యూటరు అటక యెక్కవలసినదేనా? అక్కరలేదు. లినక్సు రకములలో తేలికయైనదానిని అమర్చుకొన్నచో ఉత్తరములకు, పాఠములకు, లెక్కలకు, పాటలు వినుటకు అది యింక చాలకాలము సేవచేయును. లిబ్రెఆఫీస్ అను స్వేచ్ఛా సాధనముతో తెలుగు వ్రాతపని చక్కగా జరుగును. పొరుగున కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏండ్ల తరబడి ఇట్టి వ్యవస్థలపైననే చదువుకొనుచున్నారు. అయితే అందరికిని ఈ సలహా చెల్లదు. పెండ్లిపత్రికలు, కరపత్రములు కూర్చెడి డి.టి.పి. దుకాణమువారు పాత ఫాంటులకు, వానితో పనిచేయు విండోస్ సాధనములకు కట్టుబడియున్నారు. వారిని రేపటినుండి మారుడనుట వారి పొట్టకొట్టుటయే. కొన్ని ఆటలును లినక్సుపై నడువవు. ఇంటిలోని కుర్రవాండ్రు ఆ సంగతిని మనకంటె ముందుగానే చెప్పుదురు.

అక్షరముతో మొదలిడితిమి గనుక మరొక అక్షరము సంగతి చెప్పెదము. పాత అచ్చు పుస్తకములను ఎరిగినవారికి నకారపొల్లు తెలియును. పదాంతమందలి నకారమునకు ఒకప్పుడు ప్రత్యేకమైన రూపముండెడిది. కాలక్రమమున అది వాడుక తప్పినది. 2021 సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 14వ కూర్పులో దానికి సంఖ్య లభించినది. సంఖ్య లభించినంత మాత్రమున తెరపై కనబడదు. ఫాంటులో ఎవరో ఒకరు దాని రూపమును గీయవలెను. స్వేచ్ఛా లైసెన్సు గల ఫాంటులో ఆ పనిని లిపిపై ప్రీతి, కొంత నేర్పు గల ఏ విద్యార్థియైనను చేసి, ఆ ఫాంటును నలుగురికి పంచవచ్చును. మూతవేసిన ఫాంటులో కావలెనన్నచో కంపెనీవారికి జాబు వ్రాసి, బదులు వచ్చుదాక వేచియుండవలెను.