మాట పోయినవారి మాట వినుట



జనగామ ప్రాంతమున తాటిచెట్టుపై నుండి పడిన గీతకార్మికుడు, మహబూబాబాదు దారిలో ప్రమాదమునకు లోనైన యువకుడు, భూపాలపల్లి గనిలో తలకు దెబ్బ తగిలిన కార్మికుడు - ఇట్టివారిలో కొందరికి ప్రాణము దక్కినను మాట దక్కదు. మాటతోపాటు తెలివియు పోయినదని ఇంటివారు తలంతురు. అది ఎల్లప్పుడును నిజము కాదు. 1861లో ప్యారిసునందు బ్రోకా అను వైద్యుడు చూచిన రోగి దాదాపు 'టాన్' అను శబ్దము తప్ప పలుకలేకపోయెను. అయినను ఇతరుల మాటలు చాలవరకు గ్రహించెడివాడు. మరణానంతరము అతని మెదడు ఎడమవైపు ముందుభాగము చెడియుండుట తెలిసినది.

కావున పరిచర్య చేయువారు రోగి కెదురుగా కూర్చుండి, ఒక్కొక్క ప్రశ్నయే అడిగి, బదులు వచ్చువరకు వేచియుండవలెను. తడబడిన మాటను తామే పూరింపరాదు. అర్థము కానిచో అర్థమైనట్లు నటింపక, సైగతోనైనను మరల చెప్పుమని కోరవలెను. అతని యెదుటనే అతనిని గూర్చి ఇతరులతో ముచ్చటించుట తగదు, అతడు వినుచుండవచ్చును.