మొదటి శబ్దము

నేటి ధ్యానమునకు 1 సమూయేలు 3వ అధ్యాయమును తీసికొందము. బైబిలు దగ్గర ఉన్నవారు తెరచి పెట్టుకొనండి.

మన యౌవనస్థులలో కొందరు కంప్యూటర్‌ను తయారైనది కొనరు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, మెమరీ, పవర్ సప్లై విడివిడిగా తెచ్చుకొని, ఇంటిలోనే బిగించుకొంటారు. అంతా అయిన తరువాత వారికి ఒక ముచ్చట. మీట నొక్కగానే తమకు నచ్చిన శబ్దము వినబడాలి! ఒకరు చర్చి గంట పెట్టుకొంటారు, ఒకరు కీర్తన పల్లవి, మరొకరు అమ్మ గొంతు.

ఈ ముచ్చట పెద్ద సంస్థలకు కూడ ఉన్నదే. 1995లో వచ్చిన విండోస్ 95 కొరకు బ్రయన్ ఈనో అను సంగీతకారుడు ఆరంభ శబ్దమును కూర్చాడు. దాని నిడివి సుమారు ఆరు సెకన్లు. అంతకు ముందు మాకింటోష్ కొరకు జిమ్ రీక్స్ ఒక శ్రుతిని కూర్చాడు. పని మధ్యలో యంత్రము ఆగిపోయి, విసుగుతో మరల ఆరంభించే మనిషికి అది నెమ్మదినివ్వాలని ఆయన కోరిక.

ఇంటిలో చేసుకొనుట కష్టము కాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనైతే, కంట్రోల్ ప్యానెల్‌లోని శబ్దముల పట్టికలో ఒక వేవ్ ఫైలును చూపితే సరిపోయేది. తరువాతి విండోస్‌లలో ఆరంభ శబ్దము లోపలనే ఇమిడి ఉన్నది గనుక, లాగిన్ కాగానే మన ఫైలును వినిపించుమని టాస్క్ షెడ్యూలర్‌కు పని అప్పగిస్తారు.

అయితే ఒక సంగతి గమనించండి. మనము పెట్టుకొన్న పాట మొదటి శబ్దము కాదు. మీట నొక్కగానే యంత్రము ముందు తన్ను తాను పరీక్షించుకొంటుంది. మెమరీ ఉన్నదా? తెరకు బొమ్మ పంపే భాగము ఉన్నదా? అంతా బాగుంటే చాలా బోర్డులలో ఒక్క చిన్న బీప్ వినబడుతుంది. మెమరీ సరిగా కూర్చోకపోతే బీప్ మీద బీప్ మ్రోగుతుంది. అప్పుడు పాట రాదు, తెర మీద బొమ్మ కూడ రాదు. ఎంత మంచి పాట పెట్టుకొన్నా ఏమి లాభము? కరెంటు ఆపి, పెట్టె విప్పి, మెమరీని తీసి సరిగా బిగించవలసినదే.

ఇంకొక మాట. ఆ బీప్ వినిపించే చిన్న స్పీకర్ ఈ దినములలో చాలా పెట్టెలతో రాదు. కావలసినవారు విడిగా తెచ్చి తగిలించుకోవాలి. పాట కొరకు పెద్ద స్పీకర్లు కొంటాము. హెచ్చరిక కొరకు చిన్నది తగిలించము!

దేవుని బిడ్డలారా, ఏలీ ఇంటిలో జరిగినది ఇదే. కుమారుల దుష్టత్వము అతని చెవిని పడింది. వారిని మందలించాడు గాని ఆపలేదు. దైవజనుడొకడు వచ్చి హెచ్చరించాడు. అయినను ఇల్లు మారలేదు. మందిరములో ఆరాధన మాత్రము సాగుతూనే ఉన్నది. పాట ఉన్నది, పరీక్ష లేదు.

ఆ రాత్రి దేవుడు బాలుడైన సమూయేలును పిలిచాడు. మూడుసార్లు అతడు ఏలీ యొద్దకు పరుగెత్తాడు. చివరకు అతడు విన్నది తీయని మాట కాదు. ఏలీ ఇంటిమీదికి రానున్న తీర్పు. ఉదయమున లేచి మందిరపు తలుపులు తెరచాడు గాని, ఆ మాట చెప్పుటకు భయపడ్డాడు. ఏలీ బలవంతము చేయగా ఏమియు దాచక చెప్పాడు.

ప్రియ శ్రోతా, ఉదయమున మీ ఇంటిలో క్రైస్తవ గీతము మ్రోగుతూ ఉండవచ్చును. సంతోషమే. కాని అదే ఇంటిలో తండ్రి కుమారునితో మాట్లాడి ఎన్ని నెలలైనది? అత్తాకోడళ్ల మధ్య ఏ మాట మిగిలి ఉన్నది? మీ భార్య, మీ బిడ్డ, మీ కాపరి మెల్లగా చెప్పిన హెచ్చరికను విసుగు అనుకొని త్రోసివేయుచున్నారా? అది మీ మేలు కొరకు దేవుడు తగిలించిన చిన్న స్పీకర్ కావచ్చును. దాని తీగను పీకివేయకండి. తన హృదయమును శోధించుమని దావీదు దేవునినే వేడుకొన్నాడు. రేపు ఉదయము పాటకు ముందు మీరును ఆలాగు వేడుకొనండి. మాట్లాడవలసిన వారితో ఆ దినమే మాట్లాడండి. అప్పుడు మీ పాట ఇల్లంతటికి వినబడుతుంది.

ప్రార్థన చేసికొందము. పరలోకపు తండ్రీ, మాకు నచ్చిన శబ్దము కంటె ముందుగా నీ స్వరమును వినే చెవిని, విన్నదానికి లోబడే మనస్సును మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.