తొలి ఓటమి – తుది గెలుపు



మా పామూరు ప్రాంతపు మెట్టచేలలో మడక పట్టినవారికి నేను చెప్పబోవు సంగతి క్రొత్తది కాదు. తొలిసాలుననే ఎద్దులను పరుగెత్తించు సేద్యగాడు పొద్దెక్కకమునుపే వానిని డస్సిపోవునట్లు చేయును. నేల గుణమెరిగి నిదానముగా నడపువాడు పొద్దుగ్రుంకులోపల చేను ముగించును. ఫుట్‌బాలు ఆటయందును న్యాయమిదియే.

1962వ సంవత్సరమున జకార్తా నగరమున ఆసియా క్రీడలు జరిగినవి. మన దేశపు జట్టునకు శిక్షకుడు హైదరాబాదు వాస్తవ్యుడగు సయ్యద్ అబ్దుల్ రహీము. ఆయన పూర్వము బడిపంతులు. మొదటి ఆటలోనే మనవారు దక్షిణ కొరియా చేత 2–0తో ఓడిరి. ఇతరుడైనచో ఆశ వదలుకొనియుండును. రహీము వదలలేదు.

పిమ్మట మనవారు థాయిలాండును 4–1తోను, జపానును 2–0తోను గెలిచిరి. థాయిలాండుతో ఆడునప్పుడు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. వెనుకవరుసలో నిలిచి ఎదిరిని అడ్డగించుట ఆయన పని. సెమీఫైనలునాటికి రహీము ఆయనను ముందువరుసకు మార్చెను. ఆయన ఒక గోలు చేసెను. దక్షిణ వియత్నాముపై 3–2తో గెలుపు మనదయ్యెను.

సెప్టెంబరు 4వ తేదీన తుది ఆట. ఎదుట నిలిచినది తొలుత మనలనోడించిన కొరియా జట్టే. చూడవచ్చినవారు లక్షమందికి చేరువ. అందు పెక్కురు మనకు విరోధముగా కేకలు వేసిరి. అయినను మొదటి ఇరువది నిమిషములలోనే పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగు చెరియొక గోలు చేసిరి. చివర కొరియా ఒక గోలు చేసినను, 2–1తో స్వర్ణపతకము మనకు దక్కెను. అప్పటికే రహీమును కాన్సరు వ్యాధి పీడించుచుండెను. 1963లో ఆయన కన్నుమూసెను.

ఇట్లేల జరిగెను? ఓటమి ఎదిరి బలమును, మన లోపమును ఒక్కమారే చూపును. చూచి నేర్చినవాడు మనుష్యులను తగినచోటులకు మార్చుకొనును. నేర్వనివాడు మరల అట్లే ఓడును.

నా తప్పొకటి విన్నవించెదను. ఒకప్పుడు మా ఊరి పిల్లలు పొరుగూర తొలి ఆట ఓడి వచ్చిరి. “పనిలేక పోయి పరువు తీసితిరి” అని రచ్చబండయొద్ద నేనే కసరితిని. మరునాడు వారికింకొక ఆట గలదు. వారు పోలేదు. గెలిచెడివారో లేదో చెప్పజాలను. ఆడనిచ్చినవాడను మాత్రము కాను.

కావున పెద్దలారా, పరీక్ష తప్పిన కుఱ్ఱవాడు గాని, తొలిపంట పోయిన పడుచురైతు గాని మీ ముంగిటికి వచ్చినయెడల, ముందుగా మంచినీళ్ళిచ్చి, “ఏమి నేర్చితివి నాయనా?” అని యడుగుడు. తీర్పు తరువాత చెప్పవచ్చును.