చందమామయు చీరయంచును

మంగళగిరిలో సాయంకాలము గాలిగోపురమువైపు నడచిపోవువారికి, చంకలో మూడుకాళ్ళ స్టాండును, చేతిలో చిన్న కెమెరాను పెట్టుకొని ఆకసమువంక చూచుచు నిలిచియుండు ముసలివాడొకడు అప్పుడప్పుడు కనబడుచుండును. ఆ ముసలివాడను నేనే. నేతవారింట పుట్టి, మగ్గము చేతకాక బడిపంతులనై, ఆ యుద్యోగమును గూడ విరమించినవాడను. ఫొటోలు తీయుట నా వృత్తి కాదు. నా కెమెరాయును పెద్దది కాదు. కటకములను మార్చుటకు వీలులేక, ఉన్న యొక్క కటకమే ముందునకు వెనుకకు సాగుచు దూరపు వస్తువును చేరువకు తెచ్చు జూమ్ కెమెరా. నికాన్ కంపెనీవారు 2015లో విడుదలచేసిన పి 900 అను రకము.

దీనితో నేను రెండు వస్తువులనే పట్టుదలతో తీయుచుందును. ఒకటి చంద్రుడు, సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరమున నున్నాడు. రెండవది మా యూరి చీర. ముక్కునకు తగులునంత దగ్గఱ నుండును. ఈ రెంటికి పొత్తేమని మీరడుగవచ్చును. పొత్తు లేదనియే నేనును చాలకాలము తలచితిని. మా బావగారి చీర యొకటి నా యజ్ఞానమును పోగొట్టినది. ఆ సంగతి తెలియుటకు ముందు చంద్రుని సంగతి కొంత తెలియవలెను.

కెమెరా కొన్న క్రొత్తలో పున్నమినాడు డాబా యెక్కి బొమ్మ తీసితిని. చూచుకొనగా అందు చంద్రుడు లేడు. పిండివడియము వంటి తెల్లని మచ్చ యొకటి యున్నది. కారణము తరువాత తెలిసినది. కెమెరా తనంతట తాను వెలుతురును కొలుచుకొనునపుడు చుట్టునున్న చీకటినంతయు లెక్కలోనికి తీసికొని, రాత్రివేళ గదా యని కన్ను ఎక్కువసేపు తెఱచియుంచును. కాని చంద్రునిపై నున్నది రాత్రి కాదు. అచ్చట పట్టపగలు. ఎండలో పడియున్న బండరాయిని తీసినట్లే చంద్రుని తీయవలెను. అదియును తెల్లని రాయి కాదు. మన కన్నులకు వెండిపళ్ళెమువలె తోచు చంద్రుడు నిజమునకు పాతబడిన తారురోడ్డు వన్నె గలవాడు. తనపై పడిన వెలుతురులో నూటికి 12 పాళ్ళు మాత్రమే తిరుగగొట్టును. చుట్టునున్న నల్లదనమే వానికి ఆ తెలుపును తెచ్చిపెట్టినది.

కావున కెమెరాకు స్వతంత్రము నీయక, లెక్క మనమే చెప్పవలెను. ఐ.ఎస్.ఓ. 100 నందుంచి, జూమును కొనవఱకు సాచినచో ఈ కెమెరాలో కటకపు ద్వారము ఎఫ్ 6.5 అగును. అప్పుడు పున్నమి చంద్రునకు సెకనులో 250వ వంతు మొదలు 300వ వంతు వఱకు చాలును. శుద్ధ అష్టమినాడు 80వ వంతు కావలెను. సగము చంద్రుడు పున్నమి వెలుతురులో సగమిచ్చునని మనమనుకొందుము. అట్లు కాదు, పదవ వంతు మాత్రమే యిచ్చును. ఆ లోటేలనో కొంచెముసేపటిలో తెలియగలదు.

ఇక స్థిరత్వము. జూము కొనకు సాచినప్పుడు ఈ కెమెరా చూచునది అడ్డముగా ఒక్క డిగ్రీ మేర మాత్రమే. చంద్రుడొక్కడే ఆ చట్రపు టెత్తులో నూటికి 70 పాళ్ళు ఆక్రమించును. చేత పట్టుకొని చూచినచో గుండె కొట్టుకొనుటకు గూడ చంద్రుడు ఎగిరెగిరి పడును. స్టాండు తప్పనిసరి. నా స్టాండు తేలికది గనుక నడిమికఱ్ఱకు ఇసుకసంచి వ్రేలాడదీయుదును. మీట నొక్కిన వ్రేలి యదురు అణగుటకు, నొక్కిన రెండు సెకనులకు గాని తెఱవకుండునట్లు అమర్తును. భూమి తిరుగుడు వలన చంద్రుడు రెండు నిమిషములలో తన వెడల్పంత దూరము జరిగిపోవును గావున మాటిమాటికి చట్రమును దిద్దుకొనుచుండవలెను.

ఇంత చేసినను నా బొమ్మలు చాలదినములు నీళ్ళలోని నీడలవలె వణకినవి. తప్పు కెమెరాలో లేదు, డాబాలో నున్నది. పగలంతయు కాగిన సిమెంటు కప్పు రాత్రి 9 గంటలవఱకు వేడిని పైకి విడుచుచుండును. ఆ వేడిగాలిలోనుండి నేను చంద్రుని చూచుచుంటిని. డాబా దిగి పెరటిలో అరటిచెట్ల ప్రక్క మట్టినేలమీద స్టాండు నిలుపగానే వణకు చాలవఱకు తగ్గినది. కృష్ణ కాలువల నీటి తేమ నిండిన మా డెల్టా గాలి ఎప్పుడును నిర్మలముగా నుండదు. వాన వెలిసిన రాత్రి, చంద్రుడు నడినెత్తికి వచ్చిన వేళ, ఆ గంటసేపే మాకు పండుగ.

ఇప్పుడు ముఖ్యమైన మాటకు వచ్చితిని. చంద్రుని తీయ నారంభించువారందఱు పున్నమికై కాచుకొందురు. నేనును అట్లే చేసితిని. కాని పున్నమి చంద్రుడు బొమ్మకు పనికిరాడు. ఆనాడు సూర్యుడు మన వీపు వెనుకనుండి తిన్నగా చంద్రుని ముఖముమీద వెలుతురు పోయును. ప్రతి కొండ నీడయు ఆ కొండ వెనుకనే దాగిపోవును. మన పెద్దలు కుందేలని చెప్పిన నల్లని మచ్చలు, అనగా పూర్వము లావా పారి గడ్డకట్టిన మైదానములు, స్పష్టముగానే యుండును. టైకో యను గుంటనుండి నలువైపుల చిమ్మిన తెల్లని చారలును కనబడును. కాని మిట్టపల్లములు కనబడవు. అదంతయు గోడకు వేసిన సున్నమువలె చదునుగా నుండును.

అష్టమినాడు చూడుడు. వెలుతురు ప్రక్కనుండి వచ్చును. పగలును రాత్రియు కలియు ఆ గీటువెంట ప్రతి మిట్టకు ఒక ప్రక్క వెలుగు, ఒక ప్రక్క పొడుగాటి నీడ. సగము చంద్రునకు వెలుతురు పదవవంతునకు పడిపోవుటకు హేతువులలో ఈ నీడలును ఒకటి. నవమి దశములలో కోపర్నికస్ అను గుంట యా గీటు దగ్గఱకు వచ్చును; 93 కిలోమీటర్ల వెడల్పు గల ఆ గుంట, మెట్లు దిగిన బావివలె లోపలి యంచులతో సహా నా చిన్న కెమెరాలో కనబడినది. ఆ రాత్రి నేను నిద్రపోలేదని చెప్పుటకు సిగ్గుపడను.

మా వీధిలోని కుఱ్ఱవాడొకడు, శ్రీహరికోటనుండి వెళ్ళి 2023 ఆగస్టు 23న దిగిన మన విక్రమ్‌ను చూపుమని నన్ను పట్టుకొన్నాడు. చూపలేను. ఈ కటకపు తెఱపి 55 మిల్లీమీటర్లు; అంతటి తెఱపికి చంద్రునిపై సుమారు 4 కిలోమీటర్ల కంటె చిన్న వస్తువు విడిగా తెలియదు. ఎన్నిరెట్లు పెంచినను పెరుగునది మసకయే. ఇటీవలి ఫోనులలో కొన్ని, చంద్రుని గుర్తుపట్టి, తమకు కనబడని వివరములను గూడ ముందు నేర్చుకొన్న బొమ్మలనుండి తెచ్చి పూయునని విన్న తరువాత, నేను ఆ పిల్లవానితో, "ఒరేయ్ నాయనా, కనబడనిది కనబడలేదని చెప్పే కెమెరాయే మంచిదిరా" అంటిని. వాడు తృప్తిపడలేదు.

గాలిగోపురముతో కలిపి చంద్రుని తీయగోరువారికి ఒక లెక్క చెప్పి ఈ భాగము ముగింతును. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు 1807-09 సంవత్సరములలో కట్టించిన ఆ పదునొకండంతస్తుల గోపురము ఎత్తు 153 అడుగులు, వెడల్పు 49 అడుగులు. ఎంత దూరమున నిలిచితిమో అందులో 110వ వంతు మేరను చంద్రుడు కప్పును. కావున మైలు దూరమున నిలిచినచో చంద్రుడు గోపురమంత వెడల్పుగా కనబడును. దగ్గఱకు వచ్చినకొలది గోపురము పెరుగును, చంద్రుడు పెరుగడు. పున్నమి కంటె ముందటి చతుర్దశి సాయంకాలము మేలు. అప్పుడు పొద్దు క్రుంకకమునుపే చంద్రుడుదయించును గనుక గోపురమునకును చంద్రునకును వెలుతురు సరిపోలును. పూర్తిగా చీకటి పడిన పిమ్మట తీసినచో రెంటిలో ఒకటి చెడితీరును.

ఇక చీర సంగతి. మా యక్కను ఇచ్చిన బావగారు ఇప్పటికిని గుంటమగ్గముమీద నేయుచున్నారు. 80వ నంబరు నూలు, జరీతో నిజాం అంచు, నడుమ పువ్వులు బుటాలు ఏమియు లేని సాదా చీర. ఒకనాడు ఆయన ఫోను చేతపట్టుకొని వచ్చి అరుగుమీద కూలబడినారు. దూరపు పట్టణములోని వ్యాపారి యొకడు, పంపిన ఫొటోలను చూచి, ఇవి మరమగ్గము చీరలనియు చేనేత ధర యీయననియు వ్రాసినాడట. నాలుగు చీరలు. మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు గలదు గాని, ఆ గుర్తింపు ఫోను బొమ్మలో కనబడదు గదా. "పంతులూ, చందమామలో గుంతలు తీస్తావు గదా. నా చీరలో చెయ్యి కనపడేట్టు తియ్యి చూద్దాం" అన్నారు.

గర్వముతో ఒప్పుకొని, ఫ్లాషు వేసి తీసితిని. ఆయన చూచి, "ఇది నా చీర కాదోయ్, ఎవరిదో మిల్లుగుడ్డ" అన్నారు. నిజమే. పోగులన్నియు ఒకదానికొకటి అంటుకొని కాగితమువలె నున్నవి. ఆయన పిల్లలు ఫోనుతో తీసినవియు ఇట్లే యుండినవి. చాలసేపు ఆ బొమ్మవంక చూచి, అప్పుడు గ్రహించితిని. అది పున్నమి చంద్రుడు! వెలుతురు కెమెరా ముఖమునుండియే బయలుదేరి తిన్నగా బట్టమీద పడినది. ప్రతి పోగు నీడయు ఆ పోగు వెనుకనే దాగినది. చంద్రుని విషయములో ఏండ్లు పట్టి నేర్చుకొన్న దానిని చీర దగ్గఱ మఱచితిని.

మఱునాటి ఉదయము ఆయన మగ్గపుగదిలో కిటికీ తలుపు ఒక్కటి మాత్రము తెఱచి, చీరను పలకమీద సాపుగా పఱచి నలుమూలల గుచ్చి, వెలుతురు బట్టను రాచుకొనుచు పోవునట్లు పలకను నిలిపితిమి. అవతలి ప్రక్క నీడలు మఱీ నల్లబడకుండ తెల్లకాగిత మొకటి పెట్టితిని.

దగ్గఱి వస్తువులను తీయుటలో ఈ కెమెరాకు రెండు దారులున్నవి. జూమును పూర్తిగా ముడిచి ఒక్క సెంటీమీటరు దూరమునకు తీసికొనిపోవచ్చును. కాని అప్పుడు కెమెరా నీడయే వస్తువుమీద పడును. లేదా జూమును పూర్తిగా సాచి 5 మీటర్ల దూరమునుండి తీయవచ్చును. అప్పుడు చట్రములో తొమ్మిది సెంటీమీటర్లకు కొంచెము తక్కువ మేర పట్టును. సీతాకోకచిలుకలకు అది చక్కని పద్ధతి, అవి బెదరవు. చీమలకు చాలదు. పానకాలస్వామి కొండమీద అంత పానకమొలికినను చీమలు రావని మావారి ప్రతీతి గనుక చీమలకై నేను మా యింటి బెల్లపు డబ్బాకే పోవుదును.

పోగులకు ఈ రెండు దారులును చాలక, కటకము ముందర 8 డయాప్టర్ల పెద్దజేయు అద్దమును తగిలించితిని. అది యున్నచో పన్నెండున్నర సెంటీమీటర్ల దూరమున స్పష్టత కుదురును, నీడ పడదు. జూమును కొంత సాచగా చట్రములో 8 మిల్లీమీటర్ల బట్ట మాత్రము నిలిచినది. 80వ నంబరు పోగు మందము మిల్లీమీటరులో సుమారు పదవవంతు. కనుక ఒక్కొక్క పోగు లెక్కపెట్టునంతగా కనబడును. ఇంత దగ్గఱలో స్పష్టముగా నుండు లోతు వెండ్రుకవాసి. కెమెరా బట్టకు సమముగా లేనిచో ఒక ప్రక్క తేటగా, ఒక ప్రక్క మసకగా వచ్చును. కటకమును త్రిప్పి లాభము లేదు. కెమెరా క్రింద పాత నోటుపుస్తకములు పెట్టి, ఒక్కొక్క కాగితమే తీసివేయుచు సరిచూచుకొంటిని. కొలత తెలియుటకు అంచున స్కేలు నుంచితిని.

ఈమాఱు బొమ్మ వేఱు. పడుగుపోగులు చాళ్ళవలె లేచినవి. పేకపోగుల నడుమ యెడము ఒక్కతీరున లేదు. నాలుగు దగ్గఱగా, ఒకటి కొంచెము దూరముగా, మరల దగ్గఱగా. దెబ్బదెబ్బకు చేతిబలము మాఱిన జాడ యది. బావగారు కన్నద్దములు పెట్టుకొని, వ్రేలు చూపుచు, "ఇదిగో, ఇక్కడ కరెంటు పోయింది. దీపం తెచ్చుకొని మళ్ళీ కూర్చున్నా. ఇక్కడ పోగు తెగితే మీ అక్క అతికింది" అనుచు పోయినారు. తలుపు దగ్గఱ నిలిచి వినుచున్న మా యక్క, "ఆ ముడి కూడా పడిందా!" అని కొంగు నోటికడ్డము పెట్టుకొన్నది.

ఒక మాట ఒప్పుకొనవలెను. ఇట్టి బొమ్మ సాక్ష్యమే గాని తీర్పు కాదు. అంచున పేక తెగక మరలి వచ్చుట చేనేత గుర్తని కొందఱందురు. నాడెతో ఆడు మరమగ్గములలోను అట్లే మరలును. ఎడములలోని తేడాను చదువుటకు నేతయెఱిగిన కన్ను కావలెను. అందుచేత ఒక చోటు గాక, ఒక్కొక్క చీరలో అయిదు చోట్ల తీసి, ఏమియు దిద్దక, స్కేలుతో సహా పంపితిమి. మగ్గము మీద మిగిలియున్న పడుగును గూడ తీసి జతచేసితిమి.

వారము దినములకు జవాబు వచ్చినది. వ్యాపారి చీరలను త్రిప్పిపంపలేదు; ముందు ఒప్పుకొన్న చేనేత ధరయే పంపినాడు. అనుమానించినందుకు ఒక్క మాట వ్రాయలేదు. బావగారు ఆ సొమ్ములో నూలుకొట్టు బాకీ తీర్చి, ఇంట ఫోనుతో ఫొటోలు తీయు మనుమరాలికి ఫ్లాషు వేయరాదని గట్టి యాజ్ఞ యిచ్చినారు. ఇప్పుడామె చీరను కిటికీకడకు తెచ్చి, తలుపొకటి మూసి, నీడ పడువఱకు అటునిటు జరుపుచుండును.