కంప్యూటరు చదువులో ఏమున్నది?

కళ్యాణదుర్గం వైపు నుండి వచ్చిన వేరుశెనగ రైతు ఒకరు మొన్న టీ అంగడిలో నా ప్రక్కన కూర్చుండి, జేబులోనుండి మడత పెట్టిన కాగితం ఒకటి తీసి బల్లపై పరచినారు. అది ఆయన కుమారుని బి.టెక్. రెండవ సంవత్సరపు పాఠ్యపట్టిక.

"మావాడు చేరింది కంప్యూటరు చదువు సార్. ఈ కాగితంలో చూస్తే లెక్కలు, మళ్లీ లెక్కలు, ఏవేవో శాస్త్రాలు. మిషను పేరు ఎక్కడో ఒకచోట కనబడుతుంది. చేను తాకట్టు పెట్టి పంపించినా. సరైన చదువే చెప్తున్నారంటారా?" అని అడిగినారు.

నాలుగేండ్లకొక పంట చేతికి దక్కే ఈ కరవుసీమలో పిల్లవాని చదువుకై చేనును ఒడ్డినవారు ఇటువంటి ప్రశ్న అడుగుట న్యాయమే. ఆనాడు ఆయనకు నేను చెప్పిన సమాధానాన్నే ఈనాడు శ్రోతలకు మనవి చేస్తున్నాను.

1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఎనియాక్ అనే గణనయంత్రాన్ని లోకానికి చూపించినారు. అదే సంవత్సరం మన అనంతపురం ఇంజనీరింగ్ కళాశాల మదరాసు గిండీలో ఆరంభమై, 1948లో ఇక్కడికి తరలివచ్చినది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగమైనది. 2008లో అనంతపురానికే ప్రత్యేక సాంకేతిక విశ్వవిద్యాలయం వచ్చినది. ఆ కళాశాల పుట్టిననాడు కంప్యూటరు శాస్త్రంలో పట్టమిచ్చే విద్యాలయం ప్రపంచంలో ఎక్కడా లేదు. 1962లో అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో దానికొక శాఖ ఏర్పడినది. 1968లో ఏ.సి.ఎమ్. అనే విద్వత్సంఘం ఈ విద్యకు పాఠ్యప్రణాళిక ప్రకటించినది. వింత ఏమిటంటే, ఆ ప్రణాళికలోని వివిక్త గణితం, డేటా స్ట్రక్చర్స్ వంటి అంశాలు రైతుగారి కాగితంలో నేటికీ ఉన్నవి. యంత్రాలు ఎన్నిమార్లు మారినా ఈ పునాది కదలలేదు. 2018లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తన నమూనా ప్రణాళికలో నాలుగేండ్ల చదువునంతా 160 క్రెడిట్లకు కుదించినప్పుడు కూడా వీటిని తొలగించలేదు.

కాగితంలో ఆపరేటింగ్ సిస్టమ్స్ అన్న పేరు చూపించి ఇదేమిటని ఆయన అడిగినారు. మీ ఊరిలో చెరువు ఉన్నదా, నీరుగంటి ఉన్నాడా అని నేను అడిగినాను. ఉన్నాడన్నారు. ఇక నా పని సులువైనది.

తూము ఒకటి, కాలువ ఒకటి, మడులు అనేకం. ఎవరి మడికి ముందు, ఎంతసేపు, తరువాత ఎవరికి అన్నది నీరుగంటి చూస్తాడు. కంప్యూటరులోనూ లెక్కచేసే ప్రాసెసరు ఒక్కటే అనుకొందాం; దాని కొరకు కాచుకొన్న ప్రోగ్రాములు అనేకం. ఒక్కొక్కదానికి కొద్ది కాలం వంతు ఇచ్చి, ఆపి, మరొకదానికి తిప్పుటే ఆపరేటింగ్ సిస్టమ్ పని. క్షణంలో వందల వంతులు మారుతవి గనుక అన్నీ ఒకేసారి నడుస్తున్నట్లు మనకు తోస్తుంది. తూము దగ్గరి ఆసామికే నీరు పారుతూ ఉంటే కాలువ చివరి మడి ఎండిపోతుంది. ఆ దశను ఈ శాస్త్రంలో కూడా ఆకలి అనే అంటారు. ఎంతకాలం కాచుకొంటే అంత ప్రాధాన్యం పెంచుట దానికి చెప్పే ఒక చికిత్స.

ఇంకొక చిక్కు ఉన్నది. వాన పడినది, విత్తవలె. ఒకరివద్ద గొర్రు ఉన్నది, ఎడ్లు లేవు. పొరుగువానివద్ద ఎడ్లున్నవి, గొర్రు లేదు. నీ ఎడ్లిస్తే గాని నా గొర్రు వదలనని ఇతడు, నీ గొర్రిస్తే గాని ఎడ్లు విప్పనని అతడు. ఇద్దరూ కూర్చుంటారు, పదను ఆరిపోతుంది. ప్రోగ్రాముల మధ్య ఇదే జరిగితే డెడ్‌లాక్ అంటారు. దానిని ముందే పసిగట్టుట ఎట్లు, పడిన ముడి విప్పుట ఎట్లు అన్నదానికి ఒక అధ్యాయమే ఉన్నది.

రైతుగారు నవ్వి, "ఇది మా తాతకు తెలుసును" అన్నారు. తెలుసును. కాని తాతగారికి తెలిసినదానిని తప్పుపోని నియమంగా వ్రాసి, లక్ష మడులకైనా అది నిలుస్తుందని నిరూపించుటకే ఆ లెక్కలు.

కృత్రిమ మేధ వచ్చి యంత్రమే ప్రోగ్రాములు వ్రాస్తున్నప్పుడు ఇవన్నీ ఎందుకని కొందరు వాదిస్తున్నారు. ఆ మేధ లోపల ఉన్నది మొదటి రెండేండ్లలో విసుక్కుంటూ చదివే మాత్రికలు, కలనగణితం, సంభావ్యతా శాస్త్రమే. మరి యంత్రం వ్రాసినది తప్పో ఒప్పో చెప్పవలసినది ఎవరు? ఒక పదాన్ని త్రిప్పి వ్రాయించుట ఆరంభదశ అభ్యాసాలలో ఒకటి. ఇంగ్లీషు పదంతో సులభంగా జరుగుతుంది. మన పెన్న పేరు ఇచ్చి చూడండి. మన కంటికి అందులో రెండు అక్షరాలు. 1991లో వెలువడిన యూనికోడ్ లెక్కలో ఐదు సంకేతాలు: ప, దాని ఎత్వం, న, పొల్లు, న. వాటిని వెనుకనుండి పేర్చితే ఎత్వం ప-ను వదిలి న్న-ను పట్టుకొని "న్నెప" అవుతుంది. రావలసినది "న్నపె". ఈ తేడాను గమనించిన విద్యార్థికి సంకేతం వేరు, అక్షరం వేరు అని జన్మలో మరపురాదు. ఇటువంటి అభ్యాసం మన ప్రయోగశాలల పుస్తకాలలో తరచు కనబడదు. ఉండవలెనని నా అభిప్రాయం. రికార్డు పుస్తకంలో పోయిన ఏటి ప్రోగ్రామును ఎక్కించి సంతకం పెట్టించుకొనే అలవాటు పోయిననాడు గాని అది రాదేమో.

సీటు రాలేదని దిగులుపడే ఇళ్లకు ఒక్క మాట. చిత్తూరు ప్రాంతంలో పుట్టిన రాజ్ రెడ్డిగారు గిండీలో చదివినది సివిల్ ఇంజనీరింగ్. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం 1994లో ఆయనకు లభించినది.

మన రాష్ట్రపు ఇటీవలి నిబంధనలలో సమాజసేవ పేరిట ఒక ఇంటర్న్‌షిప్ చేరినది. విద్యార్థి కొన్నివారాలు సమాజం మధ్య పనిచేసి నివేదిక ఇవ్వవలె. చాలామంది దీనిని మొక్కుబడిగా ముగిస్తారు. నాకు మాత్రం ఈ జిల్లాకు అన్నిటికంటె పనికివచ్చే పాఠం ఇదే అనిపిస్తుంది. వాన లెక్కలు, బోర్ల లోతులు, ఎండిన బావుల సంఖ్య చిత్తుపుస్తకాలలో చెదలు పట్టే ఊళ్లు మనకు తక్కువ లేవు.

ఆ మాట చెప్పగానే రైతుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నారు. కొంతసేపు ఆలోచించి, "మా ఊరి నీరుగంటి ముసలివాడైపోయినాడు సార్. వంతులన్నీ ఆయన నోటనే ఉన్నవి, కాగితం మీద ఒక్కటీ లేదు. వేసవికి మావాణ్ణి ఆయన దగ్గర కూర్చోబెడితే ఈ లెక్కలోకి వస్తుందా?" అని అడిగినారు.

కూర్చోబెట్టమన్నాను. కళ్యాణదుర్గం బస్సు వచ్చినది.