సర్కారు తుమ్మ – ఊరి చెఱువు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఊరి చెఱువు అందఱి సొత్తు. అట్టి చెఱువు కడుపులో నీటికంటె ముందు సర్కారు తుమ్మ నిండుచున్న గ్రామములు తెలుగునాట ననేకములు గలవు. ఏటేట దానిని నఱకించుటయు, మఱుసటి ఏటికది మునుపటికంటె గుబురుగా లేచుటయు ఎల్లరు నెఱిగినదే. ఇట్లేల జరుగుచున్నదో తెలిసికొన్నగాని పడిన శ్రమ ఫలింపదు.

ఈ చెట్టు మన దేశపుది కాదు. దీని పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికాలును, కరీబియను దీవులును. 1876లో మద్రాసు రాజధాని అటవీశాఖాధికారి బెడ్డోమ్ దొర దీని విత్తనములకై ప్రభుత్వమునకు వ్రాసెను. 1877లో విత్తనములు వచ్చెను; కడప మండలమందలి కమలాపురమున నాటిరి. అవి గొప్ప కరువు దినములు. వానలేని నేలయందు సయితము పెరిగి వంటచెఱకు నిచ్చు చెట్టన్న మాట ఆనాడు చిన్నది కాదు. ఆ మేలు నేటికిని కొంత నిలిచియున్నది. బీదల పొయ్యిలోని కట్టెయు, బొగ్గు కాల్చువారి జీవనమును పెక్కుచోట్ల దీనివలననే జరుగుచున్నవి.

అయినను కీడు మేలును మించినది. దీని ఆకును పశువు ముట్టదు. తీయని కాయను విడువదు. తిన్న గింజ కడుపులో అరుగక, పేడతోడను, పెంటికలతోడను పొలమునకు చేరి మొలచును. నేలబడిన గింజ ఏండ్ల తరబడి చెడకయుండును. చెట్టు దట్టమైనచోట గడ్డి మొలవదు, మేత పోవును, చెఱువునకు నీరు వచ్చు దారి మూసికొనిపోవును.

నఱకుట వేఱు, నిర్మూలించుట వేఱు. గొడ్డలితో నేలమట్టమునకు నఱికినచో, నేలలోపలి మొదటనున్న మొగ్గలు చిగిర్చి, ఒక కొమ్మకు పది కొమ్మలు లేచును. కావున మొదలు చుట్టును త్రవ్వి, అడుగు లోతున వేరు తెగగొట్టి, మోడును పెకలింపవలెను. వానకు నేల మెత్తబడిన దినములు ఇందుకు అనువైనవి. చెఱువు కట్టమీది మోడు తీసినప్పుడు ఆ గుంటను మట్టితో పూడ్చి దిమ్మిసతో గట్టిగా కొట్టవలెను. లేనిచో కట్ట బలహీనపడును. పిదప వరుసగా కొన్ని వర్షకాలములు కొత్త మొలకలను లేతగా నున్నప్పుడే పెఱికివేయవలెను. రాలిన కాయలను పశువులు తినకముందే ఏరవలెను. వానిని గింజతో సహా పిండి చేయించినచో, ఆ పిండి కొద్దిగా దాణాలో కలుపుటకు పనికివచ్చును, గింజయు మొలవదు.

తొందరలో మన నల్లతుమ్మను నఱకరాదు. దాని పూవు పచ్చని గుండు బంతివలె నుండును. కాయ పూసల పేరువలె నొక్కులు కలిగియుండును. సర్కారు తుమ్మ పూవు పొడవైన కంకి. కాయకు అట్టి నొక్కులుండవు. నాగలికి, బండికి కలప నిచ్చిన చెట్టు నల్లతుమ్మయే.

తీసిన చోటును ఖాళీగా విడిచినచో మరల అదియే వచ్చును. గట్లపై కానుగ, వేప, చింత నాటి కాపాడవలెను. వచ్చిన కట్టెలో మొదటి వంతు బీదలకు చెందవలెను. వంటచెఱకునకు వేఱొక దారి చూపక, ఉన్న కంప నంతయు నొక్కసారి తీసివేసినచో చెఱువు బాగుపడుటకు ముందు కొందఱి పొయ్యి ఆరిపోవును. అట్టి పని ఊరి పని యనిపించుకొనదు.

ఇందు గ్రంథాలయము చేయదగిన పని యొకటి గలదు. ఏ యేట ఏ భాగము శుభ్రమైనది, మరల ఎచ్చట మొలకలు కనబడినవి, ఏ మొక్కలు నాటబడినవి అను వివరములను ఒక పుస్తకమున వ్రాసి అందఱికి అందుబాటులో నుంచవలెను. చెఱువును చూచి వచ్చినవారు ఆ పుస్తకమును తెఱచినచో, పని ఎంత సాగినదో, ఎచ్చట ఆగినదో తెలియును. వచ్చు తొలకరికి ఆ పుస్తకమున మొదటి పుట నిండుగాక!