గీత మీద గాట్లు



నిర్వాహకులు నాకిచ్చిన అంశం 'కేన్సర్ చికిత్సలో, ఆయుష్షు అంచనాలో కొత్త పరిశోధనలు'. చాలా పెద్ద అంశం. ముందు వరసలో కూర్చున్న నా పాత మిత్రులు అప్పుడే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. మాస్టారు ఎక్కడ మొదలుపెట్టినా ఆఖరికి తిరిగిరాని పేషెంట్ల దగ్గరికే వస్తాడని వాళ్ళకు తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా అదే పాట పాడుతున్నాను. ఈసారి అధ్యక్షుడి కుర్చీ ఇచ్చారు, కాబట్టి గంట కొట్టి ఆపే అధికారం కూడా నా చేతిలోనే ఉంది.

ఏలూరులో సభ పెట్టారు గనక ముందు ఊరి ముచ్చట ఒకటి. ఇక్కడికి ఒక పక్క భీమవరం, ఇంకో పక్క నూజివీడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని మీకు పరిచయం చేయడం హాస్యాస్పదం. 1948 జూన్‌లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ తన పేపరు అచ్చు వేశాడు. ల్యుకేమియాతో ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే 10 మందిలో గుణం కనిపించింది. ఆ మందు లెడర్లీ కంపెనీలో సుబ్బారావు గారి నాయకత్వంలో పనిచేసిన బృందం చేసి పంపినది. ఆగస్టులో ఆయన పోయారు. అమినోప్టెరిన్ తమ్ముడే మెథోట్రెక్సేట్. ఇవన్నీ మీకు తెలుసు. ఫార్బర్ పేపరు పేరులో 'తాత్కాలిక' అన్న మాట ఉందని మాత్రం చాలామంది మర్చిపోతారు. ఆ మాట పెట్టాడు కాబట్టే ఆయనంటే నాకు గౌరవం.

సరిగ్గా అదే 1948లో, ఇంగ్లండులో కేంబ్రిడ్జి ఫిలసాఫికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో కల్యంపూడి రాధాకృష్ణారావు గారి పేపరు వచ్చింది. స్కోర్ టెస్టు అనే గణాంక పరీక్ష పుట్టింది అందులోనే. పోలీసు శాఖలో పనిచేసిన తండ్రి బదిలీలతో ఊళ్ళు తిరుగుతూ ఆయన చిన్నప్పుడు నూజివీడులో కూడా చదువుకున్నారు. ఆ నూజివీడు 2022లో ఈ జిల్లాలో కలిసింది. మాంటెల్ 1966లో రూపం ఇచ్చి, పీటోలు 1972లో పేరు పెట్టిన లాగ్-ర్యాంక్ టెస్టును మనం రోజూ వాడతాం. అదే ఏడు వచ్చిన కాక్స్ మోడల్‌లో స్కోర్ టెస్టు కట్టి చూడండి, టైలు, అంటే ఒకే రోజు పడ్డ చావులు, లేకపోతే వచ్చేది ఆ లాగ్-ర్యాంకే. అంటే ఈ మందు మేలా ఆ మందు మేలా అని ప్రపంచంలో ఎవరు తూచినా తక్కెడలో ఒక తూనికరాయి రావు గారిది. మందు భీమవరానిది, రాయి నూజివీడుది అని నేనంటే, దీనికి జిల్లా పిచ్చి అని పేరు పెట్టారు మిత్రులు. కొంత పిచ్చి ఉన్నమాట నిజమే. కానీ ఏడాదికోసారి సుబ్బారావు గారి విగ్రహానికి దండ వేసి, ఆయన ఏ పదార్థాన్ని దేనికి వ్యతిరేకంగా తయారు చేయించాడో రెండు ముక్కలు చెప్పమంటే మైకు పక్కవాడికిచ్చేసే పెద్దల కంటే నా పిచ్చి కాస్త నయం.

సరే, కొత్త పరిశోధనలు. కొత్తవాటిలోనూ నాకు ఆ పాత మందే కనిపిస్తోంది. టాటా మెమోరియల్‌లో విజయ్ పాటిల్ గారి బృందం తల, మెడ కేన్సర్ ముదిరినవాళ్ళ మీద చేసిన రెండు ట్రయల్స్ ఈ పదేళ్ళలో మన దేశం నుంచి వచ్చిన గట్టి పనుల్లో ముందుంటాయి. 2020లో వచ్చినదాంట్లో 422 మంది. సగం మందికి మామూలుగా ఇచ్చే సిస్‌ప్లాటిన్ సెలైన్లో ఎక్కించారు. మిగతా సగానికి మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్ మాత్రలిచ్చి ఇంటికి పంపారు. సిస్‌ప్లాటిన్ వాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 6.1 నెలలు, మాత్రల వాళ్ళది 7.5. మూడు వారాలకోసారి మంచం కోసం కాపలా కాయనక్కర్లేని, చవకైన మాత్ర గెలిచింది. 2023లో ఆ మాత్రలకు ఎర్లోటినిబ్ కూడా కలిపి, పైన నివొలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును మామూలు మోతాదులో పదోవంతు కూడా లేకుండా, మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. ఏడాది నిండేసరికి బతికున్నవాళ్ళు మాత్రలు మాత్రమే తీసుకున్న గుంపులో 16.3 శాతం, నివొలుమాబ్ కలిసిన గుంపులో 43.4 శాతం. ఇమ్యునోథెరపీ అంటే ఆస్తులమ్ముకోవడమే అనుకునే మన రైతు ఇంటికి ఇంతకంటే పనికొచ్చే వార్త ఏముంటుంది? అదే ఏడు అక్టోబరులో ముంబయి ఐఐటీలో పుట్టిన కార్-టీ చికిత్స నెక్స్‌కార్19కి అనుమతి కూడా వచ్చింది. దాని సంగతి మధ్యాహ్నం సెషన్‌లో నాకంటే బాగా తెలిసినవాళ్ళు చెబుతారు.

ఇక నా గోలకు వస్తాను.

కాప్లాన్, మేయర్ 1958లో ఇచ్చిన మెట్ల గీత మీ అందరి స్లైడ్లలోనూ ఉంది. ఒక చావుకి ఒక మెట్టు దిగుతుంది. మధ్యలో కబురు తెలియకుండా పోయినవాడికి మెట్టు లేదు, గీత మీద చిన్న నిలువు గాటు పెడతాం. 'సెన్సార్డ్' అంటాం. ఆ గాటు వెనక ఒక ఒప్పందం ఉంది. కబురు లేనివాడి భవిష్యత్తు, కబురున్నవాడి భవిష్యత్తు ఒకలాంటివే అనుకుందాం అని. బోస్టన్‌లో ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి పోయిన పేషెంటు విషయంలో ఇది చెల్లొచ్చు. కొల్లేరు లంకలో కూడా చెల్లుతుందా? ఇదే నా ఏకైక ప్రశ్న.

కొన్నేళ్ళ కిందట ఒక ఆసుపత్రివాళ్ళు తమ నోటి కేన్సర్ రికార్డులిచ్చి గీత గీయమన్నారు. ఏ ఆసుపత్రో అడక్కండి. గీత అందంగా వచ్చింది. అనుమానం పుట్టేంత అందంగా. దగ్గరికెళ్ళి చూస్తే గాట్లు దువ్వెన పళ్ళలా ఉన్నాయి. ఆ జాబితా పట్టుకుని, తెలిసిన ఆరోగ్య కార్యకర్త ఒకామెను వెంటబెట్టుకుని కైకలూరు వైపు కొల్లేరు లంకల్లోకి బయల్దేరాను. చెరువుగట్ల మీద మేత బస్తాల లారీలకు దారిస్తూ, ఒక్క ఇల్లు వెతకడానికి ఒక పూట పట్టింది. రికార్డులో ఆ ఇంటాయన పేరు, ఊరు, 'ఫాలో-అప్‌కు రాలేదు' అన్న ముక్క. ఇంట్లో గోడకి పటం, పటానికి దండ. కోడలు లోపల్నుంచి రేషన్ షాపు సంచిలో చుట్టిన ఫైలు తెచ్చి పెట్టింది. బయాప్సీ రిపోర్టు, ఆరోగ్యశ్రీ కార్డు జిరాక్సు, అన్నింటికీ పైన పిన్ను గుచ్చి మళ్ళీ రావలసిన తేదీ చీటీ. ఆ తేదీకి తొమ్మిది రోజుల ముందే ఆయన పోయారు.

"కరెంటు పెట్టించుకోడానికి రోజూ విజయవాడ వెళ్ళిరాలేకపోయారండీ. చెరువు కాపలా మానేస్తే తిండెలాగండీ? సగంలో ఆపేశారు," అంది. కరెంటంటే రేడియేషన్.

"పోయినట్టు ఆసుపత్రికి కబురు చేశారా అమ్మా?"

"చెప్పాలని మాకు తెలీదు బాబుగారూ. ఎవరూ అడగలేదు కూడానండీ."

ఎవరూ అడగలేదు. మన గీత మీద ఆయన చివరిసారి ఆసుపత్రి గడప దిగిన రోజు దాకా బతికున్నవాడు. ఆ తర్వాత ఒక గాటు.

న్యాయంగా రెండో పక్క కూడా చెప్పాలి. అదే జాబితాలో ఉన్న ఒకావిడ తాడేపల్లిగూడెంలో దొరికింది. కూతురి దగ్గరికి మకాం మార్చి, ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు కుడుతోంది. మేమెందుకొచ్చామో చెబితే దబ్బనం పక్కనపెట్టి, "నేను పోయాననుకున్నారేంటండీ?" అని పకపకా నవ్వింది. కాబట్టి తప్పిపోయిన ప్రతివాడూ చచ్చిపోయినట్టు రాయమని నేనేనాడూ అనలేదు. అలా అన్నానని ఒక విమర్శకుడు అచ్చులో రాశాడు. ఆయన ఈ హాల్లోనే ఉన్నాడు, కుశలమే. నేనన్నది ఒక్కటే: ఇల్లు తట్టి చూడమని. తెలిసిన తేదీలన్నీ పెట్టి గీత మళ్ళీ గీస్తే అది దిగింది. ఆసుపత్రివాళ్ళు నా కొత్త గీతకు కృతజ్ఞతలు చెప్పి పాతది అచ్చు వేసుకున్నారు.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. చెన్నై అడయార్‌లో స్వామినాథన్, రమ, శాంత గార్లు 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఇదే తేల్చారు: వెతుక్కుంటూ వెళ్ళకుండా కట్టిన లెక్క ఆయుష్షును ఎక్కువ చేసి చూపిస్తుంది. మహారాష్ట్రలో బార్షీ వాళ్ళు 1987 నుంచి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి రిజిస్ట్రీ నడుపుతున్నారు. అంత దూరం ఎందుకు, మన శ్రీకాకుళం చూడండి. అడ్డపొగ తాగేవాళ్ళ అంగిట్లో వచ్చే కేన్సర్ గురించి రెడ్డి గారూ, మరో రావు గారూ 1957లోనే రాశారు. ఆ తర్వాత పిండ్‌బోర్గ్, మెహతా బృందం పల్లెలు తిరిగి నోళ్ళు తెరిపించి చూసి, 1971లో వేసిన పేపరు శీర్షికలోనే 10,169 మంది గ్రామస్థులు అని అంకెతో సహా పెట్టింది. పదివేల పైచిలుకు అని రాసి ఊరుకోలేదు. ఆ చివరి తొమ్మిదిమంది ముందు నేను టోపీ తీస్తాను.

ఇప్పుడు యంత్రాల సంగతి. ఈ ఉదయం ఒక యువమిత్రుడు డీప్ లెర్నింగ్‌తో నోటి కేన్సర్ ఆయుష్షు చెప్పే మోడల్ చూపించాడు. తెలివైన కుర్రాడు, నాకు ముచ్చటేసింది. నేర్పిన డేటా టీసీజీఏ అనే కేన్సర్ జన్యు భాండాగారానిది. 33 రకాల కేన్సర్లు, 11 వేల పైచిలుకు పేషెంట్లు, ఎక్కువ భాగం అమెరికా సరుకే. సీ-ఇండెక్సు ఎంతొచ్చిందో మూడు దశాంశ స్థానాల దాకా చెప్పాడు. ఇద్దరు పేషెంట్లను పక్కపక్కన నిలబెడితే ఎవరు ముందు పోతారో చెప్పగలగడం వరకే సీ-ఇండెక్సు పని. 'ఎన్నాళ్ళండీ?' అని అడిగే కొడుక్కి అది జవాబు కాదు. నేను లేచి, చెరువు కాపలా మనిషికి రేడియేషన్ సగంలో ఆగిపోతే నీ మోడల్ ఏమంటుంది నాయనా అని అడిగాను. ఆ కాలమ్ లేదండీ అన్నాడు. ఆరేడు వారాలు, వారానికి ఐదు రోజులు సాగాల్సిన చికిత్స. గడువు మీద ఒక్కో రోజు పెరిగితే తల, మెడ కేన్సర్ అదుపు సుమారు ఒక్కో శాతం జారుతుందని రేడియేషన్ వాళ్ళు ఎన్నాళ్ళ కిందటో లెక్క కట్టారు. మోడల్‌లో ఇరవైవేల జన్యువులకు చోటుంది. కైకలూరు బస్సుకు లేదు.

చేత్తో చెప్పే జోస్యం గొప్పదని కాదు నేననేది. క్రిస్టాకిస్, లామాంట్ చికాగోలో అడిగి చూసి 2000లో అచ్చు వేశారు. 468 మంది చివరిదశ పేషెంట్ల గురించి వాళ్ళ వైద్యులు చెప్పిన గడువులో, దాదాపుగా సరిపోయినవి ఐదోవంతు. మొత్తమ్మీద ఉన్నదానికి ఐదు రెట్లకు పైగా ఎక్కువ చెప్పారు. వైద్యుడు ఆశపడతాడు, తప్పులేదు. గీత కూడా ఆశపడితే ఎలా?

ఇక్కడ నా సొంత కొల్లేరు కాస్త చెప్పుకోనివ్వండి. మా చిన్నప్పుడు ఈ సరస్సు ఎక్కడ మొదలో ఎక్కడ ఆఖరో వానలు చెప్పేవి. తమ్మిలేరు, బుడమేరు ఒంటిమీదికొస్తే ఊరు లంకైపోయేది. ఉప్పుటేరు లాగేస్తే మళ్ళీ పొలం. తర్వాత చేపల చెరువులొచ్చాయి, 1999లో అభయారణ్యం హద్దు వచ్చింది, 2006లో ఆ హద్దు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. పని ఎటుంటే మనుషులు అటు పోయారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలే మారాయి. కైకలూరు కృష్ణా నుంచి ఏలూరుకొచ్చింది, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండగా ఏలూరు విడిపోయింది. ఒకే మనిషి, ఒకే ఇల్లు, రికార్డుల్లో రెండు జిల్లాలు. కంప్యూటరుకు ఇద్దరు మనుషులు. ఒకడు తప్పిపోయాడు, రెండోవాడు కొత్తగా వచ్చాడు. నవ్వకండి, ఇలాంటివాళ్ళను కలిపి కుట్టుకుంటూ నేను ఒక వేసవి అంతా గడిపాను.

2020 డిసెంబరులో ఈ ఏలూరులోనే వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు దేశం నలుమూలల నుంచి నిపుణులు దిగారు, రక్తంలో సీసం అన్నారు, నికెల్ అన్నారు, పురుగుమందన్నారు. రెండు వారాల్లో కెమెరాలు వెళ్ళిపోయాయి. ఆ మనుషుల్ని ఏడాదికోసారి పలకరిస్తున్నదెవరని నేను అప్పుడూ అడిగాను. వెంటపడి పలకరించే పనికి ఈ దేశంలో గ్రాంటు దొరకదు. మైక్రోస్కోపుకు దొరుకుతుంది, సర్వరుకు దొరుకుతుంది. ఫోన్ రీచార్జికి, సైకిల్ పంక్చరుకు బిల్లు పెడితే ఆడిటరు కళ్ళజోడు సర్దుకుంటాడు. ఒక కమిటీలో నేను ఇద్దరు పల్లె కార్యకర్తల జీతం అడిగితే, "ఇది సైన్సేనా?" అన్నారొకరు. ఇప్పుడాయన రిటైరయ్యారు, నేనూ అయ్యాను. ఆ ప్రశ్నకు ఇవాళ ఈ వేదిక మీంచి జవాబిస్తున్నాను: ఇదేనండీ సైన్సు.

కొత్తగా 2023లో ఈ ఊళ్ళో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ ఉంది. ఒకరికి పేషెంట్లున్నారు, ఇంకొకరికి కోడు రాసే పిల్లలున్నారు. మధ్యలో సుమారు యాభై కిలోమీటర్లే. ఈ రెండు చోట్ల నుంచీ వచ్చిన ప్రతినిధులు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలని నా మనవి. పోస్టర్ల దగ్గరికి వెళ్ళినప్పుడు రంగులు చూశాక గాట్లు లెక్కపెట్టండి. ఆ గాట్ల వెనకున్న మనుషుల్లో ఎందరి ఇంటికి వెళ్ళారని అడగండి.

నా దగ్గర కొత్త జాబితా ఒకటుంది. రేపు పొద్దున్న ఆరింటికి ఈ హాలు ముందు నుంచే జీపు బయల్దేరుతుంది. కైకలూరు మీదుగా లంకల్లోకి వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తాం. ఇంకా మూడు సీట్లు ఖాళీ ఉన్నాయి. రాదలచుకున్నవాళ్ళు టీ విరామంలో నాకు పేరివ్వండి.